గంపగుత్త నకళ్లు: ఆన్‌లైన్ బ్యాకప్ పుట్టుపూర్వోత్తరాలు

దస్త్రానికి నకలు తీసి, దాన్ని ఊరికి దూరంగా ఇంకొకరి కాపలాలో పెట్టి, అందుకు కిరాయి కట్టడం ఇంటర్నెట్ కంటే పాత వ్యాపారం. దాన్ని మొదలుపెట్టినవాళ్లలో హెర్మన్ క్నౌస్ట్ అనే పుట్టగొడుగుల వ్యాపారి ఒకరు. న్యూయార్క్ రాష్ట్రంలోని లివింగ్‌స్టన్‌లో, ఇనుప ఖనిజం అయిపోయి మూతపడ్డ గనిని ఆయన 1936లో 9,000 డాలర్లకు కొన్నారు. చీకటి, చల్లదనం ఉన్న చోటు కాబట్టి పుట్టగొడుగుల పెంపకానికి బాగా పనికొచ్చింది. 1950 నాటికి ఆ వ్యాపారం తగ్గుముఖం పట్టింది. అవే రోజుల్లో అమెరికన్లకు అణుబాంబు భయం పట్టుకుంది. 1951లో క్నౌస్ట్ అదే గనిలో ‘ఐరన్ మౌంటెన్ అటామిక్ స్టోరేజ్ కార్పొరేషన్’ తెరిచారు. మొదటి ఖాతాదారు ఈస్ట్ రివర్ సేవింగ్స్ బ్యాంకు. డిపాజిట్ల లెక్కల మైక్రోఫిల్ములను, సంతకాల కార్డుల నకళ్లను ఆ బ్యాంకు ఉక్కు తొడుగు వ్యాన్లలో గనికి చేర్చింది.

బాంబు పడలేదు గానీ వ్యాపారం నిలబడింది. అసలు ఉన్న చోటే నకలూ ఉంటే రెండూ ఒకేసారి పోతాయన్నది బ్యాంకులకూ బీమా కంపెనీలకూ తొందరగానే తలకెక్కింది. ప్రభుత్వ కార్యాలయాలకు అంత తొందరగా ఎక్కలేదు. 1973 జులై 12న సెయింట్ లూయిస్‌లోని జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రంలో మంటలు లేచి, మాజీ సైనికుల సర్వీసు ఫైళ్లు 1.6 కోట్ల నుంచి 1.8 కోట్ల దాకా నాశనమయ్యాయి. వాటికి నకళ్లు లేవు, మైక్రోఫిల్మూ తీయలేదు. ఆ తర్వాత ఎవరికైనా సర్వీసు రుజువు కావాలంటే ఇతర కార్యాలయాల్లో మిగిలిన జీతాల రసీదులు, ఆసుపత్రి కాగితాలు వెతికి కూర్చాల్సి వచ్చింది. ఆ పని ఇప్పటికీ సాగుతూనే ఉంది.

కంప్యూటర్ల లోకంలో బ్యాకప్ మొదట్లో ఎవరూ పనిగట్టుకుని చేసింది కాదు. 1951లో వచ్చిన యూనివాక్ లోహపు టేపు మీద రాసేది. మరుసటి ఏడాది ఐబీఎం ప్లాస్టిక్ టేపు తెచ్చింది. ఏ యంత్రమైనా లెక్క నడిచే తీరు ఒకటే. నిన్నటి ఖాతాల టేపును ఒక డ్రైవులో, ఈరోజు లావాదేవీల టేపును ఇంకో డ్రైవులో ఎక్కిస్తే, కంప్యూటర్ రెండింటినీ కలిపి మూడో టేపు మీద కొత్త ఖాతాలు రాసి ఇచ్చేది. నిన్నటి టేపు చెక్కుచెదరకుండా అలాగే మిగిలేది. కొత్తది చెడిపోతే పాతది ఎక్కించి మళ్లీ నడిపితే సరి. మూడు తరాల టేపులను వరసగా ఉంచుకుని, నాలుగోది వచ్చాక అన్నిటికంటే పాతదాన్ని తిరిగి వాడుకునేవారు. దీనికి తాత–తండ్రి–కొడుకు పద్ధతి అని పేరు పడింది. టేపు చుట్ట వెనక గాడిలో ఒక చిన్న ప్లాస్టిక్ ఉంగరం ఉండేది. అది తీసేస్తే యంత్రం ఆ టేపు మీద రాయడానికి ఒప్పుకునేది కాదు. తాత టేపు మీద పొరపాటున ఎవరూ రాయకుండా ఆ ఉంగరమే కాపలా.

ఈ ఏర్పాటును చెడగొట్టింది డిస్కు. ఐబీఎం 1956లో ర్యామాక్ యంత్రంతోపాటు తెచ్చిన డిస్కులో 50 పళ్లేలుండేవి. మొత్తం పట్టేది 50 లక్షల అక్షరాలు. కావలసిన ఖాతాను నేరుగా తీసి, అదే చోట దిద్దే వీలు దాంతో వచ్చింది. దిద్దగానే పాత అంకె మాయమయ్యేది. టేపుల కాలంలో పనిలో పనిగా మిగిలిపోయిన నకలు, డిస్కు వచ్చాక వేరే పని అయి కూర్చుంది. వేరే పని అనగానే ఎవరో ఒకరు రాత్రిపూట కూర్చుని చేయాలి, దానికి ఖర్చు రాయాలి, చేయకపోయినా ఆరోజుకు ఎవరికీ తెలియదు. తర్వాతి డెబ్బై ఏళ్ల బ్యాకప్ కష్టాలన్నీ ఇక్కడినుంచే మొదలయ్యాయంటే అతిశయోక్తి కాదు.

ఖర్చు సంగతికి నాసా మంచి ఉదాహరణ. 1969లో చంద్రుడి మీది నుంచి వచ్చిన అపోలో 11 అసలు సంకేతాల టేపులు కనిపించడం లేదని తేలాక ఏళ్ల తరబడి వెతుకులాట సాగింది. వాటిని చెరిపేసి వేరే పనులకు వాడి ఉంటారని 2009లో ఆ సంస్థే ప్రకటించింది. టేపులకు కరువు వచ్చిన రోజుల్లో పాతవి మళ్లీ వాడడం అక్కడ మామూలే. టీవీ ప్రసారాల నకళ్లు ఆయా సంస్థల దగ్గర ఉండబట్టి ఆ దృశ్యాలు మిగిలాయి, నాణ్యత మాత్రం తగ్గింది.

1980ల్లో కంప్యూటర్ ఇంటికీ చిన్న ఆఫీసుకూ వచ్చింది. 1983 నాటి ఐబీఎం పీసీ ఎక్స్‌టీలో 10 ఎంబీ హార్డ్ డిస్కు, పక్కనే 360 కేబీ ఫ్లాపీ. డిస్కు మొత్తానికి నకలు తీయాలంటే దాదాపు 30 ఫ్లాపీలు ఒకదాని తర్వాత ఒకటి మారుస్తూ కూర్చోవాలి. ఇరవై ఏడోది చెడ్డదైతే అంతసేపటి శ్రమా గోవిందా. డాస్‌లో బ్యాకప్, రిస్టోర్ ఆదేశాలు ఉండేవి. అంతకంటే వేగంగా పనిచేసే ఫాస్ట్‌బ్యాక్ లాంటి ప్రోగ్రాములూ అమ్ముడయ్యాయి. 1993లో డాస్ 6తో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన బ్యాకప్ ప్రోగ్రాము సిమాంటెక్ నుంచి తెచ్చుకున్నది. ప్రోగ్రాములకు లోటు లేదు, ఫ్లాపీలు మార్చే ఓపికకే లోటు.

తెలుగునాట కంప్యూటర్ మీద ఎక్కువ పని జరిగిన తొలి చోట్లలో డీటీపీ సెంటర్లు ముఖ్యమైనవి. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, పత్రికల పేజీలు పేజ్‌మేకర్‌లో కట్టి, మొదట ఫ్లాపీల్లో, 2000 తర్వాత సీడీల్లో దాచేవారు. 700 ఎంబీ సీడీ మీద మార్కర్‌తో నెల పేరు రాసి, పొడుగాటి కుదురుకు గుచ్చి బల్ల కింద పెట్టడమే అక్కడి బ్యాకప్. తేమకు బూజు పట్టిన డిస్కులు కొన్ని పోయాయి. మిగిలినవాటితో ఇంకో చిక్కు. యూనికోడ్ కాని ఫాంట్లలో కూర్చిన తెలుగు అది. ఆ ఫాంటూ, 2001 తర్వాత కొత్త వెర్షన్ రాని పేజ్‌మేకరూ రెండూ లేకపోతే ఫైలు తెరిచినా ఇంగ్లిషు అక్షరాల గందరగోళమే కనిపిస్తుంది. ఫైలు భద్రంగా ఉన్నా పుస్తకం చదవడానికి రాని పరిస్థితి తెలుగు ప్రచురణ రంగంలో చాలామందికి అనుభవమే. ఏ బ్యాకప్ సేవా దీనికి హామీ ఇవ్వదు.

ఫోను తీగ మీదుగా నకలు పంపే సేవలు అమెరికాలో 1990ల్లో వచ్చాయి. మసాచుసెట్స్‌లోని కనెక్టెడ్ కార్పొరేషన్ వాటిలో పేరున్నది. ఆనాటి 56 కే మోడెం పైకి పంపగలిగిన గరిష్ఠ వేగం సెకనుకు 33.6 కిలోబిట్లు. ఆ లెక్కన 100 ఎంబీ చేరడానికి ఆరున్నర గంటలకు పైనే పడుతుంది, మధ్యలో లైను తెగకపోతేనే. అందుకని ఈ సేవల తెలివంతా పంపాల్సింది తగ్గించడం మీదే పెట్టారు. మొదటిసారి మొత్తం, ఆ తర్వాత మారిన ఫైళ్లు, వాటిలోనూ మారిన ముక్కలు మాత్రమే పంపడం ఒక ఉపాయం. విండోస్, ఆఫీస్ ఫైళ్లు అందరి కంప్యూటర్లలోనూ ఒకటే కాబట్టి వాటిని ఒక్కసారే దాచుకుని, మిగతా ఖాతాదారులందరికీ అదే చూపించడం ఇంకో ఉపాయం. ఈనాటి సేవలూ ఇదే పునాది మీద నడుస్తున్నాయి.

డాట్‌కామ్ హోరులో ఎక్స్‌డ్రైవ్ లాంటి కంపెనీలు ఉచితంగా చోటు పంచిపెట్టాయి. ప్రకటనల డబ్బుతో డిస్కులు కొనవచ్చన్నది వాటి ఆశ. 2000–01లో మార్కెట్ కుప్పకూలాక ఆ రంగంలో చాలా కంపెనీలు చేతులెత్తేశాయి. ఎక్స్‌డ్రైవ్‌ను 2005లో ఏఓఎల్ కొని, 2009 జనవరిలో మూసేసింది. అదే ఏడాది మార్చిలో యాహూ బ్రీఫ్‌కేస్, హెచ్‌పీ అప్‌లైన్ కూడా దుకాణం కట్టేశాయి. ముగ్గురివీ పెద్ద పేర్లే. కంపెనీ పెద్దదైతే సేవ నిలబడుతుందన్న నమ్మకం అక్కడే బీటలువారింది. పెద్ద కంపెనీకి బ్యాకప్ ఒక మూల వ్యాపారం, లాభం లేదనిపిస్తే ముందు తెగేది మూలనున్నదే.

ఈలోగా టేపుల వ్యాన్ల పరువు పోయింది. ఖాతాదారుల వివరాలు బయటపడితే వాళ్లకు చెప్పి తీరాలన్న చట్టం కాలిఫోర్నియాలో 2003లో అమల్లోకి వచ్చింది. అంతవరకు గుట్టుగా ఉండిపోయిన నష్టాలు పత్రికలకెక్కడం మొదలైంది. 2005 ఫిబ్రవరిలో బ్యాంక్ ఆఫ్ అమెరికా 12 లక్షల మంది ప్రభుత్వ ఉద్యోగుల ఖాతాల టేపులు పోయాయని ఒప్పుకుంది. మేలో టైమ్ వార్నర్ వంతు: ఆరు లక్షల మంది ఉద్యోగుల, మాజీ ఉద్యోగుల వివరాలున్న టేపుల పెట్టె ఐరన్ మౌంటెన్ రవాణాలోనే తప్పిపోయింది. జూన్‌లో సిటీగ్రూప్ 39 లక్షల మంది వివరాల టేపులు కొరియర్‌లో పోగొట్టుకుంది. తాళం వేయకుండా, మామూలు అక్షరాలతో రాసిన టేపు దొరికినవాడికల్లా చదవడానికి వస్తుంది. గడబిడంతా అందుకే. నకలును దూరంగా పంపితే చాలదు, పంపేముందు ఎన్‌క్రిప్ట్ చేయాలన్నది అప్పటినుంచి మామూలు షరతైంది. ఐరన్ మౌంటెన్ 2004లోనే కనెక్టెడ్‌ను, 2005లో లైవ్‌వాల్ట్ అనే మరో ఆన్‌లైన్ బ్యాకప్ సంస్థను కొనుక్కుంది. గనితో మొదలైన కంపెనీకి ఈ డిజిటల్ వ్యాపారం మాత్రం అచ్చిరాలేదు. 2011లో దాన్ని 38 కోట్ల డాలర్లకు ఆటానమీకి అమ్మేసి, పెట్టెల వ్యాపారానికే మళ్లింది.

ఇళ్లకు బ్రాడ్‌బ్యాండ్ రావడం, హార్డ్ డిస్కుల ధర పడిపోవడం 2005 ప్రాంతంలో ఒకేసారి జరిగాయి. యూటాలో జోష్ కోట్స్ స్థాపించిన కంపెనీ మోజీని, బోస్టన్‌లో డేవిడ్ ఫ్రెండ్, జెఫ్ ఫ్లవర్స్ కార్బొనైట్‌ను తెచ్చారు. ఫ్రెండ్ కూతురు లాప్‌టాప్ చెడి కాలేజీ వ్యాసం పోయిందని, ఫ్లవర్స్ భార్య పిల్లల ఫొటోలు పోగొట్టుకున్నారని ఆ కంపెనీ తన పుట్టుక కథగా చెప్పుకునేది. మోజీ 2 జీబీ ఉచితంగా ఇచ్చి, నెలకు 4.95 డాలర్లకు ఎంతైనా దాచుకోమంది. కార్బొనైట్ ఏడాదికి సుమారు 50 డాలర్లు. 2007లో మొదలైన బ్యాక్‌బ్లేజ్ నెలకు 5 డాలర్లు. ఎన్ని ఫైళ్లున్నా ఒకే ధర. పొలాన్ని గంపగుత్తకు ఇచ్చినట్టే ఇది, దిగుబడి ఎంతన్నది ఎవరూ కొలవరు. కొనేవాడికి లెక్కలు వేసుకునే బాధ లేదు. తన కంప్యూటర్లో ఎన్ని జీబీలున్నాయో తెలియని మామూలు మనిషిని బ్యాకప్ వైపు తిప్పింది ఈ ధరే తప్ప టెక్నాలజీ కాదు.

గంపగుత్త గిట్టుబాటు కావడానికి ఒక రహస్యముంది. నూటికి తొంభై మంది దాచేది కొద్దిగానే. వాళ్ల చందాతో, టెరాబైట్లకొద్దీ నింపే కొద్దిమంది ఖర్చు గట్టెక్కాలి. ఫొటోలు, వీడియోలు అందరి ఇళ్లలోనూ పెరిగేసరికి ఈ లెక్క తప్పింది. మోజీని 2007లో ఈఎంసీ 7.6 కోట్ల డాలర్లకు కొన్నది. 2011 ఆరంభంలో అపరిమిత పథకం ఎత్తేసి, 50 జీబీకి నెలకు 5.99 డాలర్లని కొత్త ధర పెట్టింది. పాత ఖాతాదారులకు బిల్లు తడిసి మోపెడైంది. కొన్ని కంపెనీలు పేరుకు అపరిమితమంటూనే, ఎక్కువ పంపేవారి వేగాన్ని తగ్గించేవి. వీడియోలను, బయటి డ్రైవులను చౌక పథకంలో చేర్చకపోవడం ఇంకో దారి. చందా కట్టే ముందు ఏవి బ్యాకప్ కావో చూసుకోవాలన్న ఎరుక ఈ షరతులు చదవని వాళ్ల నష్టంలోంచి పుట్టిందే.

బ్యాక్‌బ్లేజ్ ఖర్చు తగ్గించుకున్న తీరు చెప్పుకోదగ్గది. పెద్ద కంపెనీలు అమ్మే స్టోరేజ్ యంత్రాలు కొనలేక, ఎర్ర రంగు లోహపు పెట్టెలో 45 మామూలు హార్డ్ డిస్కులు నిలువుగా గుచ్చి సొంతంగా ఒకటి తయారు చేసుకుంది. 67 టెరాబైట్లకు 7,867 డాలర్లు. 2009లో ఆ పెట్టె నమూనాను బోల్టులతో సహా అందరికీ బయటపెట్టింది. 2011లో థాయ్‌లాండ్ వరదలకు హార్డ్ డిస్కుల ఫ్యాక్టరీలు మునిగి ధరలు చుక్కలనంటాయి. అప్పుడా కంపెనీ ఉద్యోగులు, వాళ్ల బంధుమిత్రులు కాస్ట్‌కో లాంటి దుకాణాలకు వెళ్లి, మనిషికి ఇన్నే అన్న పరిమితికి లోబడి బయటి డ్రైవులు కొని, ప్లాస్టిక్ డొక్క ఒలిచి లోపలి డిస్కును పెట్టెలో బిగించారు. లక్షల మంది జ్ఞాపకాల భద్రత కొన్నాళ్లపాటు సూపర్‌మార్కెట్ బండ్ల మీద నడిచిందన్నమాట. ఏ కంపెనీ డిస్కు ఎంతకాలం బతుకుతుందో 2013 నుంచి ఈ సంస్థ లెక్కలు ప్రచురిస్తోంది. డిస్కులు కొనేవాళ్లకు అంతకుముందు ఇలాంటి ఆధారం లేదు.

ఈ చౌక కాలంలోనే ప్రమాదాలూ జరిగాయి. ద లింకప్ అనే అమెరికన్ సేవ ఖాతాదారుల ఫైళ్లను ఒక వ్యవస్థ నుంచి ఇంకోదానికి మార్చే క్రమంలో చాలా భాగం పోగొట్టి, సుమారు 20,000 మంది చందాదారులున్నా 2008 ఆగస్టులో మూతపడింది. 2007లో 7,500 మందికి పైగా ఖాతాదారుల బ్యాకప్ పోయిందంటూ, డిస్కు యంత్రాలు అమ్మిన ప్రామిస్ టెక్నాలజీ మీద కార్బొనైట్ 2009లో దావా వేసింది. ఈ రెండు నష్టాలకూ పెద్ద తేడా ఉంది. కార్బొనైట్ ఖాతాదారుల్లో అత్యధికుల కంప్యూటర్లలో అసలు ఫైళ్లు అలాగే ఉన్నాయి, బ్యాకప్ మళ్లీ మొదలైంది. లింకప్‌ను దాపుడు గదిలా వాడుకుని ఇంట్లో ఫైళ్లు చెరిపేసినవాళ్లకే మొదటికి మోసం వచ్చింది. అదే 2009 జనవరిలో మాగ్నోలియా అనే బుక్‌మార్కుల సేవ కుప్పకూలింది. దాని బ్యాకప్ ప్రోగ్రాము చెడిన డేటాబేసును చెడినట్టే నకలు తీస్తూ పోయింది. నకలు తీయడమే గానీ వెనక్కి తెచ్చి చూసుకోవడం లేకపోతే ఇలాగే ఉంటుంది.

ఈ వృత్తిలో చెప్పుకునే కథల్లో పిక్సార్‌ది ముందుంటుంది. 1998లో ‘టాయ్ స్టోరీ 2’ తయారవుతుండగా ఒకరు పొరపాటున ఇచ్చిన ఆదేశంతో సినిమా ఫైళ్లు తెర మీదే ఒక్కొక్కటిగా మాయమవసాగాయి. బ్యాకప్ టేపులు తీసి చూస్తే అవి కొన్నాళ్లుగా సరిగా పనిచేయడం లేదు. చంటిబిడ్డ ఉండడంతో ఇంటినుంచి పనిచేస్తున్న గాలిన్ సుస్మన్ అనే సాంకేతిక పర్యవేక్షకురాలి ఇంటి కంప్యూటర్లో ఇంకో నకలు ఉంది. దాన్ని దుప్పట్లలో చుట్టి, కారు వెనక సీటులో బెల్టు బిగించి స్టూడియోకు తెచ్చారు. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ 2005లో వచ్చిన తన పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చిన 3–2–1 సూత్రంలో ఈ కథ ఇమిడిపోతుంది: మూడు నకళ్లు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట.

రెండు రకాల సాధనాలు ఎందుకన్నది 2011 ఫిబ్రవరిలో గూగుల్‌కు అనుభవంలోకి వచ్చింది. ఒక సాఫ్ట్‌వేర్ లోపం వల్ల జీమెయిల్ వాడేవారిలో 0.02 శాతం మంది పెట్టెలు ఖాళీ అయ్యాయి. వేర్వేరు డేటా సెంటర్లలో నకళ్లున్నా లోపం అన్నిటినీ అంటుకుంది. చివరికి ఆ ఉత్తరాలను వెనక్కి తెచ్చింది అల్మరాలోని టేపులు. తీగకు దూరంగా ఉన్న టేపును ఏ లోపమూ చేరలేదు కదా!

బ్యాకప్ కాని సేవలను బ్యాకప్ అనుకోవడం ఈ చరిత్రలో అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. 2008లో జనంలోకి వచ్చిన డ్రాప్‌బాక్స్, తర్వాతి గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ చేసే అసలు పని ఫైలును అన్ని పరికరాల్లో ఒకేలా ఉంచడం, అంటే సింక్. ఒకచోట చెరిపితే అన్నిచోట్లా చెరుగుతుంది. చెరిపినవాటిని కొన్నాళ్లు చెత్తబుట్టలో ఉంచడం ఒక్కటే ఊరట. 2013 సెప్టెంబరులో క్రిప్టోలాకర్ అనే దొంగ ప్రోగ్రాము వచ్చాక ఈ తేడా బాగా తెలిసొచ్చింది. అది ఫైళ్లకు తాళం వేసి బిట్‌కాయిన్లు అడిగేది, 72 గంటలు గడువు పెట్టేది. తాళం పడ్డ ఫైళ్లను సింక్ సేవ విధేయంగా క్లౌడ్‌కు కూడా ఎక్కించేది. 2017 మే 12న లోకాన్ని చుట్టిన వానాక్రై అనే అలాంటి ప్రోగ్రామే ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లనూ వదల్లేదు. పాత వెర్షన్లను ఎన్నాళ్లు ఉంచుతారన్న ప్రశ్న అప్పటిదాకా ఎవరో ఒకరు అడిగేది. ఆ తర్వాత అదే మొదటి ప్రశ్న అయింది. 30 రోజులు ఉంచేవారికీ ఏడాది ఉంచేవారికీ తేడా, దాడి ఆలస్యంగా బయటపడ్డవారికే తెలుస్తుంది.

తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్నది ఇంకో పాత తగవు. చాలా సేవలు ఎన్‌క్రిప్షన్ తాళం తామే ఉంచుకుంటాయి. ఖాతాదారు పాస్‌వర్డ్ మరిచిపోయినా ఫైళ్లు తిరిగిస్తాయి, కోర్టు ఆదేశం వస్తే తెరిచీ చూపిస్తాయి. మోజీ మొదలుకొని పలు కంపెనీలు సొంత తాళం పెట్టుకునే వీలిచ్చాయి. అది ఎంచుకున్నవాళ్లు తాళం పోగొట్టుకుంటే కంపెనీ యజమాని కూడా చేయగలిగిందేమీ లేదు. అమెరికా నిఘా సంస్థ ప్రిజం కార్యక్రమం 2013 జూన్‌లో బయటపడ్డాక సొంత తాళానికి గిరాకీ పెరిగింది. సొంత తాళం వేశాక ఒకరి ఫైలు ఇంకొకరి ఫైలులా ఉండదు కనుక, అందరికీ కలిపి ఒకే నకలు దాచే పాత పొదుపు కంపెనీకి కుదరదు. గుట్టుకు ధర ఉందన్న సంగతి కంపెనీలు ఖాతాదారులకు ఎప్పుడూ విడమరిచి చెప్పలేదు.

2015 తర్వాత అపరిమితాలు వరసగా రాలిపోయాయి. కొందరు 75 టెరాబైట్లకు పైగా నింపారంటూ మైక్రోసాఫ్ట్ 2015 నవంబరులో వన్‌డ్రైవ్ హద్దులు బిగించింది. అమెజాన్ 2015లో పెట్టిన అపరిమిత పథకం రెండేళ్లే నడిచింది. మినియాపొలిస్‌లోని కోడ్42 ఇళ్లకు ఇచ్చే క్రాష్‌ప్లాన్‌ను ఆపేస్తున్నట్టు 2017 ఆగస్టులో ప్రకటించి, 2018 అక్టోబరులో ముగించింది. స్నేహితుడి కంప్యూటర్‌కే ఉచితంగా బ్యాకప్ పంపుకునే సౌకర్యం ఉన్న సేవ అది, అభిమానులు గట్టిగానే బాధపడ్డారు. కంపెనీ చూపించిన కార్బొనైట్‌కు మారినవారు ఏళ్లతరబడి చేరిన ఫైళ్లను మొదటినుంచి మళ్లీ ఎక్కించుకోవాల్సి వచ్చింది. ఆ కార్బొనైట్ 2018లో మోజీని 14.58 కోట్ల డాలర్లకు కొని తనలో కలుపుకుంది. మరుసటేడు ఓపెన్‌టెక్స్ట్ అనే కంపెనీ కార్బొనైట్‌నే సుమారు 142 కోట్ల డాలర్లకు కొన్నది. మొదటి తరం గంపగుత్త సేవల్లో స్వతంత్రంగా మిగిలిన పెద్ద పేరు బ్యాక్‌బ్లేజే. దాని 5 డాలర్ల ధర 2019, 2021, 2023లలో పెరుగుతూ 9 డాలర్లకు చేరింది.

భారతదేశంలో ఈ కథ ఆలస్యంగా నడిచింది. 2004 నాటి ప్రభుత్వ విధానం ప్రకారం సెకనుకు 256 కిలోబిట్లు ఉంటే అది బ్రాడ్‌బ్యాండే. ఆ వేగంతో 10 జీబీ పైకి పంపాలంటే మూడున్నర రోజులకు పైన, అదీ తెరిపి లేకుండా. నెలకు ఇంతేనన్న డేటా పరిమితి, కరెంటు కోతలు ఉండనే ఉన్నాయి. అందువల్ల హైదరాబాద్, విజయవాడ, విశాఖలలోని ఫొటో స్టూడియోలు, ఆడిటర్ల ఆఫీసులు ఆన్‌లైన్ బ్యాకప్ జోలికి పోకుండా సీడీల నుంచి నేరుగా బయటి హార్డ్ డిస్కుకు వచ్చాయి. పెళ్లి వీడియోల హార్డ్ డిస్కును పెళ్లివారికే అప్పగించి చేతులు దులుపుకోవడం స్టూడియోల వాడుక అయింది. 2016లో జియో రాకతో, తర్వాత ఫైబర్‌తో దారి వెడల్పయ్యేసరికి, బ్యాకప్ కంప్యూటర్‌ను దాటి ఫోన్‌లోకి వచ్చేసింది. గూగుల్ ఫొటోస్ 2021 జూన్ 1 నుంచి ఉచిత అపరిమితాన్ని ఆపింది. 2024 నుంచి ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా గూగుల్ ఇచ్చే 15 జీబీలోనే లెక్కకు వస్తోంది. పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రుల ఫోన్లలో ‘స్టోరేజ్ నిండింది’ అన్న హెచ్చరిక ఇప్పుడు రోజువారీ వ్యవహారం. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్‌లో తన క్లౌడ్ కేంద్రాలు తెరిచింది. కంపెనీల బ్యాకప్‌లు దేశంలోనే ఉంచుకునే వీలు దాంతో పెరిగింది. ఇళ్లకు అమ్మే విదేశీ సేవల్లో చాలావరకు డేటా ఇప్పటికీ అమెరికా, ఐరోపాలలోనే ఉంటోంది.

భవనం సంగతి కూడా ఖాతాదారు అడిగి తెలుసుకోవాల్సిందేనని 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లో తేలింది. స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ ఒకటి పూర్తిగా తగలబడింది. కొందరు ఖాతాదారుల బ్యాకప్‌లు కూడా ఆ ఆవరణలోనే ఉన్నాయి, అసలుతోపాటే కాలిపోయాయి. క్లౌడ్ అన్న పేరు విని నకలు ఎక్కడో దూరాన ఉంటుందనుకున్నవారు వాళ్లు.

ఖాతాదారు చనిపోతే ఏమిటన్నది ఈ వ్యాపారం చివరగా పట్టించుకున్న విషయం. ఎన్నాళ్లు వాడకపోతే ఎవరికి కబురు పంపాలో ముందే రాసిపెట్టుకునే ఏర్పాటు గూగుల్ 2013లో తెచ్చింది. ఆపిల్ 2021 డిసెంబరులో వారసుల పేరు నమోదు చేసే వీలిచ్చింది. అలా నమోదైనవారు మరణ ధ్రువీకరణ పత్రంతోపాటు తమకిచ్చిన సంకేతాన్ని చూపితే ఐక్లౌడ్‌లోని ఫొటోలు, బ్యాకప్‌లు అందుతాయి. రెండేళ్లపాటు ఎవరూ తెరవని వ్యక్తిగత ఖాతాలను, వాటిలోని ఫొటోలతో సహా, చెరిపేసే నిబంధన గూగుల్‌లో 2023 డిసెంబరు నుంచి అమలవుతోంది.